నూలు మిల్లుల ఊరు బోల్టన్: అక్కడి నుంచి వచ్చిన పేరున్నవాళ్లు

నూలుపోగు
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ ఉత్తరాన, లంకషైర్ ప్రాంతంలో, మాంచెస్టర్‌కి వాయవ్యంగా ఉన్న పాత మిల్లు పట్నం బోల్టన్. నేను ఆ చుట్టుపక్కలే ఉంటాను. మాది మంగళగిరి, ఇంట్లో అందరూ మగ్గం పనివాళ్లే. అందుకే నాకు ఈ ఊరి మీద మమకారం ఎక్కువ. ఇక్కడ పుట్టినవాళ్లు, పెరిగినవాళ్లు, ఇక్కడి నుంచి వలసపోయినవాళ్లు, ఎవరి గురించైనా మీకు తెలిసింది రాయండి.

నేను శామ్యూల్ క్రాంప్టన్‌తో మొదలుపెడతాను. ఊరి నడిబొడ్డున నెల్సన్ స్క్వేర్‌లో ఆయన కంచు విగ్రహం ఉంది, 1862లో పెట్టారు. పుట్టింది 1753 డిసెంబర్ 3న, ఫర్‌వుడ్ ఫోల్డ్ అనే చిన్న వాడలో. తరవాత ఆ కుటుంబం హాల్ ఇత్ వుడ్ అనే పాత జమీందారీ భవనంలో కొన్ని గదులు అద్దెకి తీసుకుంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి రోజుకి ఇంత నూలు వడకాలని లెక్క పెట్టేది. అప్పటికి హార్‌గ్రీవ్స్ చేసిన జెన్నీ అనే వడికే యంత్రం ఉంది కానీ దాని మీద వడికిన నూలు మాటిమాటికీ తెగేది. తెగిన పోగులు అతికీ అతికీ విసిగిపోయిన కుర్రాడు తనే కొత్త యంత్రం కడదామని కూర్చున్నాడు. సామాను కొనడానికి డబ్బుల్లేక ఊరి నాటకశాలలో ఫిడేలు వాయించాడు. అయిదేళ్లు పట్టింది. 1779లో పూర్తయింది. దాన్నే స్పిన్నింగ్ మ్యూల్ అన్నారు.

పని తీరు ఇదీ. ముందు రోలర్ల జతలు దూదిపేటను సాగదీసి వదులుతాయి. కదుళ్లన్నీ చక్రాల బండి మీద ఉంటాయి. ఆ బండి వెనక్కి జరుగుతూ పోగును ఇంకాస్త లాగుతుంది, అదే సమయంలో కదుళ్లు తిరిగి పురి పెడతాయి. బండి మళ్లీ లోపలికి వెళ్లేటప్పుడు తయారైన నూలు కదుళ్లకి చుట్టుకుంటుంది. రోలర్లు అంతకుముందు రిచర్డ్ ఆర్క్‌రైట్ చేసిన వడికే యంత్రంలో ఉన్నవే, కదిలే బండి జెన్నీలో ఉన్నదే. ఈ రెండింటినీ కలిపి, పోగు మీద ఒత్తిడి పడకుండా పురి పెట్టించడంలోనే ఆయన గొప్పతనం ఉంది. సన్నం, గట్టిదనం, సమం, మూడూ ఒకే పోగులో వచ్చాయి.

పొందూరు పిల్ల
మీరు సన్నం అన్నారు కాబట్టి మా ఊరి లెక్కలో చెప్తాను. నూలు నంబరు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క. 80వ నంబరు అంటే పౌనుకి 80 చిలపలు, అంటే 67,200 గజాలు. అరకిలో కన్నా తక్కువ దూదిలోంచి 60 కిలోమీటర్లు దాటే పోగు. మా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద నూరో నంబరు దాకా చేత్తో వడుకుతారు. అది ఎంత ఓర్పు కావాల్సిన పనో మా అమ్మమ్మ పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి తెలుసు.

క్రాంప్టన్ తన నూలుకి వచ్చిన ధరలు తనే చెప్పుకున్నాడు. 40వ నంబరుకి పౌను 14 షిల్లింగులు, 60కి 25 షిల్లింగులు, నమూనాగా వడికిన 80కి 42 షిల్లింగులు. నంబరు రెట్టింపయితే ధర మూడింతలు! అప్పటిదాకా ఇంగ్లండ్‌లో అంత సన్నం నూలు వడికే దిక్కే లేదు, మస్లిన్ అనే పలచని నూలుబట్ట అంటే మన దేశం నుంచి పోవాల్సిందే. ఆ యంత్రాన్ని మొదట్లో మస్లిన్ రాట్నం అని కూడా పిలిచేవారట. ఎవరి పనికి పోటీగా పుట్టిందో అందులోనే ఉంది. 1820ల నుంచి ఆ మిల్లు నూలే మన రేవుల్లో దిగింది. మగ్గాలు కొంతకాలం నిలబడ్డాయి గానీ రాట్నాలు ముందు మూలపడ్డాయి. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఇంట్లో కూర్చుని వడికే ఆడవాళ్లకి.

నాకు ఆ మనిషి మీద కోపం లేదు. తన ఇంటి పని తేలిక చేసుకుందామని చూశాడు. కానీ ఈ సంగతి చెప్పకుండా ఆయన్ని పొగడలేను.

సింగరేణి బిడ్డ
నూలుపోగు అన్నా, గంత పెద్ద మిషన్ కనిపెట్టినోడు కోటీశ్వరుడు అయ్యుండాలె కదా? పేటెంటు తీసుకోలేదా?

నూలుపోగు
అక్కడే అసలు బాధ, తమ్ముడూ. ఆయన దగ్గర పేటెంటుకి డబ్బు లేదు. పైగా అదే 1779లో చుట్టుపక్కల యంత్రాలు పగలగొట్టే గుంపులు తిరిగాయి. చోర్లీ దగ్గర ఆర్క్‌రైట్ మిల్లును నాశనం చేశారు. క్రాంప్టన్ తన యంత్రాన్ని ముక్కలుగా విప్పి అటక మీద దాచాడని అక్కడివాళ్లు చెబుతారు. తరవాత ఆయన నూలు చూసి వ్యాపారులు ఇంటి చుట్టూ మూగారు. కిటికీల దగ్గర నిచ్చెనలు వేసి తొంగిచూసినవాళ్లూ ఉన్నారట. ఆఖరికి, యంత్రం అందరికీ చూపిస్తే మేమంతా చందాలు వేసి ఇస్తాం అని కాగితం మీద సంతకాలు చేశారు. ఈయన నమ్మాడు. చూసుకున్నాక చాలామంది మొహం చాటేశారు.

వచ్చిన డబ్బు గురించి ఆయనే చెప్పుకున్నాడు: కొత్త యంత్రం ఒకటి కట్టుకోవడానికి సరిపోయిందట. పాతదానికి 48 కదుళ్లు, కొత్తదానికి 52. దేశానికి ఇచ్చినందుకు ఆయనకి దక్కింది నాలుగు కదుళ్లు ఎక్కువ.

1811లో మిల్లుల ఊళ్లన్నీ తిరిగి తన యంత్రాలు ఎన్ని నడుస్తున్నాయో తనే లెక్కపెట్టుకున్నాడు. 40 లక్షల పైచిలుకు కదుళ్లు తేలాయి. ఆ లెక్క పట్టుకుని పార్లమెంటుకి అర్జీ పెట్టుకుంటే 1812లో 5,000 పౌండ్లు మంజూరు చేశారు. ఆ ఏడాది మే 11న ప్రధాని స్పెన్సర్ పర్సివల్‌ను కామన్స్ సభ ముంగిట్లోనే కాల్చి చంపారు. ఆ రోజు క్రాంప్టన్‌కి ఇంకా పెద్ద మొత్తం ఇప్పించే కాగితం ఆయన చేతిలో ఉందని ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ వచ్చిన 5,000 వ్యాపారంలో కరిగిపోయాయి. 1824లో స్నేహితులు చందాలు వేసి ఏడాదికి 63 పౌండ్లు వచ్చేలా ఏర్పాటు చేశారు. 1827 జూన్‌లో పోయాడు. సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో సమాధి ఉంది.

గుంటూరు కారం
ఆర్క్‌రైట్‌ని కూడా బోల్టన్ లెక్కలో వేయొచ్చా? ఆయన అక్కడ క్షౌరశాల పెట్టుకుని సవరాలు, విగ్గులు చేసేవాడని చదివాను.

నూలుపోగు
పుట్టింది ప్రెస్టన్‌లో, 1732లో. బోల్టన్‌లో మంగలి దుకాణం నడిపిన మాట నిజమే. కానీ ఆయన మిల్లు సామ్రాజ్యం డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో లేచింది. 1769లో పేటెంటు, 1786లో సర్ బిరుదు, చనిపోయేనాటికి అపార సంపద. ఇద్దరి బతుకుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, యంత్రం కట్టడం ఒక విద్య, దాన్ని కాపాడుకోవడం మరో విద్య అనిపిస్తుంది. నా మటుకు ఆర్క్‌రైట్ బోల్టన్ మనిషి కాడు, అక్కడ కొన్నాళ్లు ఉన్న మనిషి.

కెమిస్ట్రీ మాస్టారు
అలాగైతే పుట్టుకనే కొలతగా పెట్టుకుంటే నా మనిషి కూడా పోతాడు. నేను ఒప్పుకోను. హ్యారీ క్రోటో పుట్టింది 1939లో విస్‌బీచ్ అనే ఊళ్లో, కానీ పసివాడిగా ఉండగానే బోల్టన్ వచ్చేశారు. తండ్రి బెర్లిన్ నుంచి నాజీల బాధ తప్పించుకుని వచ్చిన శరణార్థి. ఇంటి పేరు క్రోటోషీనర్. 1955లో దాన్ని క్రోటోగా కుదించుకున్నారు. తండ్రి బోల్టన్‌లో బెలూన్లు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టాడు. కొడుకు సెలవుల్లో అక్కడ పనిచేసేవాడు. మెకానో ముక్కలతో బొమ్మలు కట్టడం ఆయనకి ప్రాణం. పిల్లలకి నట్లూ బోల్టులూ బిగించడం నేర్పితే చేతికి సైన్సు అబ్బుతుందని పెద్దయ్యాక కూడా గట్టిగా చెప్పేవాడు.

1985లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కర్ల్, రిచర్డ్ స్మాలీలతో కలిసి గ్రాఫైట్ మీదికి లేజర్ కొట్టి, వచ్చిన ఆవిరిని తూచి చూశారు. 60 కార్బన్ పరమాణువులున్న అణువు పదే పదే పైకి తేలింది. అంత నిలకడగా ఉండాలంటే దాని ఆకారం ఎలా ఉండాలి? 12 పంచభుజులు, 20 షడ్భుజులు కలిపి కుట్టిన ఫుట్‌బాల్ ఆకారం. ప్రతి మూలలో ఒక పరమాణువు. అప్పటిదాకా కార్బన్ అంటే వజ్రం, గ్రాఫైట్ అని రెండు రూపాలే బోర్డు మీద రాసి పాఠం ముగించేవాళ్లం. 1996లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఆ తరవాత సంవత్సరం మా స్కూల్లో పిల్లల చేత అట్టముక్కలతో ఆ అణువు నమూనా చేయించాను. పంచభుజులు లేకుండా ఒట్టి షడ్భుజులే అతికిస్తే అట్ట వంగదు, బల్లపరుపుగానే ఉంటుంది. పంచభుజి పెట్టగానే ఒంపు తిరుగుతుంది. ఆ ఒంపు తిరిగిన క్షణంలో పిల్లల మొహాలు చూడాలి మీరు.

ఆయన చదివింది బోల్టన్ స్కూల్లో. నటుడు ఇయాన్ మెక్‌కెలెన్ కూడా అదే బడి, దాదాపు అదే కాలం. ఆయన కూడా పుట్టింది బర్న్‌లీలో. మనిషిని తయారుచేసింది ఏ ఊరో ఆ ఊరివాడే అని నా అభిప్రాయం.

గుంటూరు కారం
మాస్టారూ, మీ మాటే సరైంది. బడి ఉన్న ఊరే ఊరు.

తెల్ల కాగితం
ఆ బోల్టన్ స్కూలుకి ఇప్పుడున్న రూపం ఇచ్చిన డబ్బు ఎవరిదో తెలుసా? విలియం లీవర్‌ది. ఆయన పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నాను. 1851లో బోల్టన్‌లో వుడ్ స్ట్రీట్‌లో పుట్టాడు. తండ్రిది కిరాణా వ్యాపారం. అప్పట్లో సబ్బును పొడుగాటి కడ్డీలుగా తెచ్చి, కొట్టువాడు ఎవరికి కావలసినంత వాళ్లకి కోసి తూచి ఇచ్చేవాడు. లీవర్ ముందే ముక్కలు చేయించి, కాగితం చుట్టి, సన్‌లైట్ అని పేరు పెట్టి అమ్మాడు. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. తరవాత కొన్నేళ్లకి లైఫ్‌బాయ్ వచ్చింది. మన ఇళ్లలో పెరట్లో బావి గట్టున ఉండే ఎర్ర సబ్బు మూలం ఈ ఊరి కిరాణా కొట్టులో ఉంది.

క్రాంప్టన్ యంత్రం కట్టిన హాల్ ఇత్ వుడ్ శిథిలమవుతుంటే కొని, బాగుచేయించి, ఊరికి మ్యూజియంగా ఇచ్చింది కూడా లీవరే. 1902లో తెరిచారు.

నూలుపోగు
అది చాలా మంచి పని. ఆయన లేకపోతే ఆ ఇల్లు ఈపాటికి ఉండేది కాదు. పనివాళ్ల కోసం సబ్బు ఫ్యాక్టరీ పక్కనే పోర్ట్ సన్‌లైట్ అనే ఊళ్లో కట్టిన ఇళ్లు కూడా ఇప్పటికీ చూడముచ్చటగా ఉన్నాయి.

తెల్ల కాగితం
నేను ఇంకా ముగించలేదండీ. సబ్బుకి పామాయిల్ కావాలి. 1911లో బెల్జియం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కాంగోలో లక్షల ఎకరాల పామాయిల్ చెట్ల అడవుల మీద హక్కు సంపాదించాడు. అక్కడ తన పేరుతో లీవర్‌విల్ అనే ఊరు కట్టాడు. అడవుల్లో ఆ గెలలు కోయడానికి స్థానికుల్ని బలవంతంగా పట్టుకొచ్చేవాళ్లు. ఎత్తయిన చెట్టు ఎక్కి గెల కోసి మోసుకురావాలి, కూలి అంతంత మాత్రం. పైన వలస ప్రభుత్వం పన్ను, కట్టలేకపోతే కొరడా, జైలు. లీవర్ 1925లో పోయాడు. 1931లో అక్కడి పెండే తెగ ప్రజలు తిరగబడ్డారు, వందల మందిని చంపి ఆ తిరుగుబాటును అణిచారు.

పోర్ట్ సన్‌లైట్‌లో పూలతోటలు, లీవర్‌విల్‌లో నిర్బంధ కూలి, రెండూ ఒకే లెక్కల పుస్తకంలో ఉన్నవే. బడికి ఇచ్చిన డబ్బు మంచిదే, పిల్లలు చదువుకున్నారు. కానీ ఆ డబ్బు ఎవరి చెమట అని అడిగే హక్కు మనకి, అంటే వలస పాలన చవిచూసినవాళ్లకి, ఇంకా ఎక్కువ ఉంది.

సింగరేణి బిడ్డ
అక్క చెప్పింది వంద శాతం కరెక్టు.

ఇగ నేను నాట్ లాఫ్ట్‌హౌస్ గురించి చెప్త. మా నాయిన సింగరేణిల పనిచేసిండు, నాకు ఫుట్‌బాల్ పిచ్చి. ఈ రెండు ఒక్క మనిషిల కలిసినయ్ అంటే ఈయనే. 1925ల బోల్టన్‌ల పుట్టిండు. రెండో ప్రపంచ యుద్ధం టైంల బొగ్గు చాలక, మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ లాటరీ తీసి కొందరు పోరగాండ్లను సైన్యంలకు బదులు గనుల్లకు పంపిండు. వాళ్లను బెవిన్ బాయ్స్ అన్నరు. లాఫ్ట్‌హౌస్‌కు మోస్లీ కామన్ గని పడ్డది. తెల్లారకముందే లేచి ట్రాం ఎక్కి గనికి పోవుడు, ఎనిమిది గంటలు లోపల టబ్బులు నెట్టుడు, పైకొచ్చినంక టీం బస్సు ఎక్కి మ్యాచ్ ఆడుడు. టబ్బు నెట్టుడంటే ఏందో మా ఇంట్ల అందరికీ ఎరుకే. కాళ్లల్ల, భుజాలల్ల ఆ బలం గనిల నుంచే వచ్చిందని ఆయన్నే అంటుండె.

ఒక్కటే క్లబ్బు, బోల్టన్ వాండరర్స్. లీగుల 452 మ్యాచ్‌లు, 255 గోల్స్. ఇంగ్లండ్‌కు 33 మ్యాచ్‌లల్ల 30 గోల్స్. 1952 మే 25న వియన్నాల ఆస్ట్రియా మీద మ్యాచ్ 2-2 ఉన్నది. అయిపోనీకి ఎనిమిది నిమిషాలు ఉందనంగ సగం మైదానం అవతలి నుంచి బంతి పట్టుకొని ఉరికిండు. గోల్‌కీపర్ ఎదురొచ్చి గుద్దిండు, ఈయన సోయి తప్పి పడ్డడు, బంతి మాత్రం గోల్‌ల పడ్డది. లేచినంకనే గోల్ అయిందని తెలిసింది. అప్పటిసంది "వియన్నా సింహం" అని పేరు.

భీమిలి తీరం
1958 ఫైనల్ కూడా చెప్పు తమ్ముడూ.

సింగరేణి బిడ్డ
ఎఫ్ఏ కప్ ఫైనల్, మాంచెస్టర్ యునైటెడ్ మీద. ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంల ఆ టీం సగం పోయింది. దేశమంతా వాళ్లే గెలవాలని కోరుకుంటున్నది. 2-0తో బోల్టన్ గెలిచింది, రెండూ లాఫ్ట్‌హౌస్‌వే. రెండో గోల్ గోల్‌కీపర్ హ్యారీ గ్రెగ్‌ను భుజంతో గుద్ది బంతిని లోపలికి నెట్టుడు. ఇయ్యాల్టి రూల్స్‌ల అయితే ఫౌలే.

కానీ నా మనసుల నిలిచిపోయింది 1946 మార్చి 9. బోల్టన్ మైదానం బర్న్‌డెన్ పార్క్‌ల స్టోక్ సిటీతోని కప్ మ్యాచ్. యుద్ధం అయిపోయినంక మొదటి సీజన్, జనం లెక్కకు మించి వచ్చిండ్రు. జనం నిలబడే గట్టు మీద తొక్కిసలాటల అడ్డుకడ్డీలు విరిగి 33 మంది చచ్చిపోయిండ్రు. మైదానం అంచుల శవాల మీద కోట్లు కప్పి, కొత్తగ గీత గీసి, మ్యాచ్ మళ్ల మొదలుపెట్టిండ్రు. లాఫ్ట్‌హౌస్‌కు అప్పుడు ఇరవై ఏండ్లు, ఆ మ్యాచ్ ఆడిండు. గని ప్రమాదం అయిన తెల్లారి మళ్ల షిఫ్టుకు పోవుడు మేం చూసినం. ఆ ఆట ఆపకపోవుడు నాకు అట్లనే కొట్టొచ్చింది.

భీమిలి తీరం
చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

విశాఖ వాడిగా ఒక పేరు చెప్తాను. రాబర్ట్ వైట్‌హెడ్, 1823లో బోల్టన్‌లో పుట్టాడు. తండ్రిది నూలు బట్టలు చలువ చేసే వ్యాపారం. ఈయన ఇంజినీరై ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఫియూమే రేవుకి వెళ్లాడు, ఇప్పటి క్రొయేషియాలో రియెకా. 1866లో అక్కడే తనంతట తాను నీళ్లలో ఈదుకుంటూ వెళ్లే మొదటి టార్పెడో తయారుచేశాడు. నడిపేది నొక్కిపెట్టిన గాలి. కష్టమంతా లోతు దగ్గర వచ్చింది. పైకి తేలితే కనిపిస్తుంది, కిందికి పోతే ఓడ కింద నుంచి జారిపోతుంది. నీటి ఒత్తిడిని బట్టి చుక్కాని తనంత తాను సర్దుకునే ఏర్పాటు చేశాడు. దాన్ని చాలాకాలం రహస్యంగా ఉంచాడు.

మన విశాఖలో నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ ఉంది, టార్పెడోల మీద పరిశోధనే వాళ్ల ప్రధానమైన పని. వరుణాస్త్ర అనే టార్పెడో అక్కడ రూపుదిద్దుకున్నదే. ఆ వంశవృక్షంలో మొదటి పేరు బోల్టన్ వాడిదే. చంపే ఆయుధం కనిపెట్టినవాణ్ణి గొప్పవాడు అనాలా అని అడిగితే నా దగ్గర తేలిక జవాబు లేదు. సముద్ర యుద్ధాన్ని ఆయనంతగా మార్చినవాళ్లు మాత్రం అరుదు.

డెన్వర్ రామలక్ష్మి
ఇద్దరు చిత్రకారులు ఉన్నారు, ఇద్దరూ మా దేశానికి, అంటే నేనిప్పుడుంటున్న అమెరికాకి వచ్చేసినవాళ్లే. థామస్ కోల్, 1801లో బోల్టన్‌లో పుట్టాడు. కుర్రతనంలో అద్దకం బట్టల అచ్చులు చెక్కే పని నేర్చుకున్నాడు. 1818లో కుటుంబం అమెరికా వచ్చింది. హడ్సన్ నది లోయ అడవుల్ని, కొండల్ని చిత్రించి అమెరికా ప్రకృతి చిత్రకళకి ఒక సంప్రదాయమే మొదలుపెట్టాడు.

రెండోవారు థామస్ మొరాన్, 1837. అమ్మానాన్నలు చేమగ్గం నేతవాళ్లు. 1844లో వలస వచ్చారు. క్రాంప్టన్ యంత్రాల వల్ల బతుకు పోయి వచ్చారన్నమాట. 1871లో హేడన్ సర్వే బృందంతో ఎల్లోస్టోన్ వెళ్లి రంగుల్లో బొమ్మలు వేసుకొచ్చాడు. వేడినీటి ఊటల పక్కన పసుపు, నారింజ, ఆకుపచ్చ పొరలు! ఆ బొమ్మలు, అదే బృందంలోని ఫొటోగ్రాఫర్ జాక్సన్ తీసిన ఫొటోలు చూశాక కాంగ్రెస్ సభ్యులకి నమ్మకం కుదిరింది. 1872 మార్చిలో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. ఆయన వేసిన పెద్ద లోయ చిత్రాన్ని కాంగ్రెస్ 10,000 డాలర్లకి కొంది. మేం పిల్లలతో అక్కడికి వెళ్లినప్పుడు లోయ అంచున నిలబడి చూస్తే రాయి నిజంగానే ఆ పసుపు రంగులో ఉంది. చిత్రకారుడు పెంచి వేశాడేమో అన్న అనుమానం నాకు అక్కడ తీరింది.

నూలుపోగు
అక్కా, మొరాన్ వాళ్ల సంగతిలో ఒక చిన్న సవరణ. క్రాంప్టన్ యంత్రం నూలు వడికేది, నేసేది కాదు. నిజానికి నూలు చవగ్గా, దండిగా దొరకడంతో మొదట్లో నేతవాళ్లకి మంచి రోజులు వచ్చాయి. ఆ చుట్టుపక్కల మగ్గాలు పెరిగాయి, కూలి పెరిగింది. తరవాత ఆవిరి మగ్గాలు వచ్చి వాళ్ల పొట్ట కొట్టాయి. 1820ల నుంచి చేమగ్గం కూలి పడిపోతూనే ఉంది. 1844లో మొరాన్ కుటుంబం ఓడ ఎక్కిందంటే దాని వెనక ఉన్నది ఆ కథ. మా ఇంట్లో కూడా నూలు ధర దిగిన ఏడు పండగలా ఉండేది, మరమగ్గం చీర బజారులోకి వచ్చిన ఏడు పస్తులు.

వచన కవి
చరిత్రలో ఎక్కడా తగలని ఒక ముచ్చట. వచన కవిత గురించి మాట్లాడే తెలుగువాళ్లకి వాల్ట్ విట్మన్ పేరు కొత్త కాదు. 1885 ప్రాంతంలో బోల్టన్‌లో ఈగిల్ స్ట్రీట్‌లోని జె.డబ్ల్యు. వాలెస్ ఇంట్లో కొందరు స్నేహితులు వారం వారం చేరి విట్మన్ కవిత్వం చదువుకునేవాళ్లు. వాలెస్ ఒక వాస్తుశిల్పి ఆఫీసులో ఉద్యోగి. డాక్టర్ జాన్ జాన్‌స్టన్ ఊళ్లో వైద్యుడు. మిగతావాళ్లు గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు. వాళ్లు అమెరికాలో ఉన్న కవికి ఉత్తరం రాస్తే ఆయన జవాబిచ్చాడు. 1890లో జాన్‌స్టన్, 1891లో వాలెస్ ఓడ ఎక్కి వెళ్లి ఆ ముసలి కవిని చూసి వచ్చారు. సొంత దేశంలోనే చాలామంది పెద్దలు ఆయన్ని దూరం పెట్టిన రోజులవి.

విట్మన్ పెంచుకున్న కెనరీ పిట్ట చనిపోయాక దాన్ని దూది కూరి భద్రం చేశారు. అది ఇప్పుడు బోల్టన్ మ్యూజియం సేకరణలో ఉంది. మే 31న ఆయన పుట్టినరోజుకి లైలాక్ పూలు పెట్టుకుని, మూడు చెవుల పాత్రలోంచి ఒకరి తరవాత ఒకరు తాగి, ఆ ఊళ్లో ఇప్పటికీ కవిత్వం చదువుతారు. గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ పాతికేళ్లుగా మా ఊళ్లో నెలనెలా కవితా సమావేశం నడుపుతున్నవాణ్ణి. ఈ మనుషుల్ని నా బంధువుల్లా భావిస్తాను.

పొందూరు పిల్ల
ఎంత బాగుందండీ!

తెల్ల కాగితం
ఇన్ని పేర్లు వచ్చాయి, ఒక్క ఆడమనిషి లేదు. మిల్లుల్లో సగం పైగా పనిచేసింది ఆడవాళ్లు. అందుకే ముగ్గురి గురించి రాస్తున్నాను.

ఆలిస్ ఫోలీ. పేద ఐరిష్ కుటుంబం, తల్లికి చదువు రాదు. పదమూడో ఏట మిల్లులో చేరింది. అక్కడి నుంచి నేత కార్మికుల సంఘంలో గుమాస్తాగా, తరవాత ఆ సంఘానికే కార్యదర్శిగా ఎదిగింది. తన బాల్యం గురించి ఆమె రాసుకున్న చిన్న పుస్తకం 1973లో వచ్చింది. మిల్లు వీధుల జీవితాన్ని లోపలి నుంచి చెప్పిన అరుదైన గొంతు అది.

సారా రెడిష్. ఈమె కూడా చిన్న వయసులోనే పనిలోకి వెళ్లినదే. సహకార మహిళా సంఘంలో పనిచేసింది, ఆడవాళ్లకి ఓటు కోసం ఊరూరూ తిరిగింది. బాలింతలకి, పసిపిల్లల తల్లులకి బోల్టన్‌లో ఒక బడి పెట్టించింది, 1908లో. పాలు ఎలా పట్టాలి, పిల్ల బరువు ఎలా చూడాలి, ఇవన్నీ అక్కడ నేర్పేవాళ్లు. మిల్లు ఊళ్లలో పసిపిల్లల మరణాలు అంత ఎక్కువ మరి.

మూడో ఆమె సుజన్ ఐజాక్స్, 1885లో బోల్టన్ పక్కన పుట్టింది. దేవుడి మీద నమ్మకం లేదన్నందుకు తండ్రి బడి మానిపించాడు. అయినా చదువు వదల్లేదు. 1924లో కేంబ్రిడ్జ్‌లో మాల్టింగ్ హౌస్ బడి నడిపి, పిల్లలు ఆడుతూ, ప్రశ్నలు అడుగుతూ ఎలా ఆలోచిస్తారో రోజూ రాసిపెట్టింది. ఆ రాతలు బ్రిటన్‌లో శిశు విద్యను మార్చేశాయి. మారుపేరుతో పత్రికలో తల్లుల ఉత్తరాలకి జవాబులు కూడా ఇచ్చేది. నేను అంగన్‌వాడీ కార్యకర్తలకి శిక్షణ ఇస్తాను. "పిల్లవాడు ఆడుకుంటున్నాడంటే పనిలో ఉన్నట్టే" అని చెప్పిన ప్రతిసారీ ఈమె గుర్తొస్తుంది.

కెమిస్ట్రీ మాస్టారు
అమ్మా, మూడు పేర్లూ రాసుకున్నాను. ఐజాక్స్ గురించి బి.ఇడి.లో ఒక్క వాక్యం చదివాం, అంతే. మీరు వీలు చూసుకుని ఆమె బడి మీద విడిగా రాయండి.

గుంటూరు కారం
ఇప్పటి తరం సంగతి కూడా రానివ్వండి. అమీర్ ఖాన్, బాక్సర్. పాకిస్తానీ మూలాలున్న కుటుంబం, 1986లో బోల్టన్‌లో పుట్టాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పదిహేడేళ్లకే రజతం. తరవాత ప్రపంచ చాంపియన్. ఆయనకి వరసకి సోదరుడయ్యే సాజిద్ మహమూద్ ఇంగ్లండ్‌కి క్రికెట్ ఆడాడు, కౌంటీ లంకషైర్. మన లక్ష్మణ్ 2007లో అదే కౌంటీకి ఆడాడు. ఇక సైకిల్ పందేల్లో జేసన్ కెన్నీ, ఏడు ఒలింపిక్ స్వర్ణాలు. బ్రిటన్ మొత్తంలో అన్ని స్వర్ణాలు ఇంకెవరికీ లేవు. ఆయనదీ ఈ ఊరే.

సింగరేణి బిడ్డ
ఫ్రెడ్ డిబ్నా గురించి ఎవరన్న రాయుండ్రి. పొగగొట్టాలు కూల్చే వీడియోలు చూసిన, మనిషి గురించి తెల్వదు.

నూలుపోగు
డిబ్నా 1938లో పుట్టాడు, 2004 నవంబర్‌లో పోయాడు. పని: మిల్లుల పొగగొట్టాలు ఎక్కి బాగుచేయడం. చిన్నప్పటి నుంచీ ఆ పొగగొట్టాల కిందే పెరిగాడు. ఎక్కే పద్ధతి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇటుకల మధ్య సున్నంలోకి ఇనుప కొక్కేలు దిగగొట్టి, వాటికి చెక్క నిచ్చెన తాళ్లతో కడతాడు. ఆ నిచ్చెన కొసన నిలబడి ఇంకా పైన కొక్కెం కొట్టి, ఇంకో నిచ్చెన పైకి లాక్కుంటాడు. అలా శిఖరం దాకా. నడుముకి తాడు కూడా ఉండేది కాదు చాలాసార్లు. 1978లో టౌన్‌హాలు గడియారం గోపురం బాగుచేస్తుంటే టీవీవాళ్లు పలకరించారు. ఆ మాట తీరు దేశానికి నచ్చేసింది.

మిల్లులు మూతపడ్డాక కూల్చే పని వచ్చింది. డైనమైట్ వాడడు. పొగగొట్టం అడుగున ఒకవైపు ఇటుకలు కొంచెం కొంచెంగా తీసేస్తూ, ఆ ఖాళీలో దుంగలు నిలబెడతాడు. సగం దాకా తీశాక దుంగల చుట్టూ కట్టెలు, పాత టైర్లు పేర్చి నిప్పు పెడతాడు. దుంగలు కాలిపోగానే పొగగొట్టం తను చెప్పిన వైపుకే ఒరుగుతుంది. హారన్ మోగించి పక్కకి పరుగెత్తేవాడు. అలా దాదాపు 90 కూల్చాడు. అయితే వాటిని కట్టినవాళ్ల పనితనం గురించి ఆయనంత ప్రేమగా మాట్లాడినవాళ్లు లేరు. ఇటుక పేర్పు చూపించి ఇది ఎంత చక్కగా కట్టారో చూడండి అనేవాడు. చనిపోయినప్పుడు శవపేటికను ఆయన బాగుచేసుకున్న ఆవిరి బండే ఊరి వీధుల్లోంచి లాక్కెళ్లింది. ఊళ్లో విగ్రహం ఉంది.

పొందూరు పిల్ల
అన్నా, వచ్చే నెల మా చెల్లి మాంచెస్టర్ వస్తోంది. ఒక్క రోజు బోల్టన్‌కి పెట్టుకుంటే ఏం చూడమంటారు?

నూలుపోగు
నెల్సన్ స్క్వేర్ నుంచి టౌన్‌హాలు వైపు నడిస్తే లె మాన్స్ క్రెసెంట్‌లో మ్యూజియం ఉంది. అక్కడ ఈజిప్టు గది తప్పక చూడమనండి. మిల్లు యజమాని కూతురు ఆనీ బార్లో ఈజిప్టు తవ్వకాల కోసం ఊళ్లో చందాలు పోగుచేసింది. అందుకు బదులుగా అక్కడి వస్తువులు బోల్టన్‌కి వచ్చాయి. వాటిలో పాత బట్టలు చాలా ఎక్కువ. ఎందుకంటే మ్యూజియం చూసుకున్న మిడ్‌గ్లీ తండ్రీకొడుకులు నేత తెలిసినవాళ్లు. మమ్మీలకి చుట్టిన నారబట్టలో అంగుళానికి పడుగు ఎన్ని పోగులు, పేక ఎన్ని పోగులు అని లెక్కపెట్టి రాశారు. మీ చెల్లికి నూలు తెలుసు కాబట్టి ఆ గదిలో చాలాసేపు ఉండిపోతుంది. హాల్ ఇత్ వుడ్ తెరిచే రోజులు తక్కువ, ముందుగా కనుక్కుని వెళ్లమనండి.

చీరాల సొసైటీ
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. మాది చేనేత సహకార సంఘం, ముప్పై ఏళ్లుగా దాని లెక్కలు చూస్తున్నాను. సారా రెడిష్ పేరు దగ్గర సహకార సంఘం మాట వచ్చింది కదా, దాని మూలం బోల్టన్‌కి పక్కనే ఉన్న రోచ్‌డేల్‌లో ఉంది. 1844లో టోడ్ లేన్ అనే వీధిలో కొందరు నేతవాళ్లు, చేతిపనివాళ్లు కలిసి చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు, అంతే సరుకు. కల్తీ లేదు, తూకంలో మోసం లేదు, కొన్నంతకి లాభంలో వాటా, మనిషికి ఒకటే ఓటు. మా సంఘం నిబంధనల పుస్తకంలో ఇప్పటికీ ఆ సూత్రాలే ఉన్నాయి. రోచ్‌డేల్ వాళ్ల మీద విడిగా ఒక చర్చ ఈ రాత్రే తెరుస్తున్నాను. నూలుపోగు, తెల్ల కాగితం, మీరిద్దరూ తప్పకుండా రావాలి.